రాతిగుంటలో రెండో పిలుపు

ఏప్రిల్ 9, మంగళవారం

ఇది ఈ రోజే రాయకపోతే రేపటికి నాకు నేనే ఏదో ఒకటి సర్దిచెప్పుకుంటాను. అందుకే రాస్తున్నాను. ఎవరైనా చూస్తారన్న భయం లేదు. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. అమ్మకి అక్షరాలంటే చీమల బారు. రోజూ వచ్చిపోయే పిన్నికి అంకెలొచ్చు, అంతే. అమ్మమ్మకి చూపే ఆనదు. ఈ పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టినా ఒకటే, పెట్టెలో దాచినా ఒకటే.

పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి ఈ రోజు దురదాకు కోతకి వెళ్లాను. అమ్మ, పిన్ని, నేను, ముట్టుకుంటే మండే ఆకు కాబట్టి ముగ్గురం గ్లౌజులు వేసుకుని. ఏటా ఈ రోజుల్లోనే, పూత రాకముందే చివుళ్లు కత్తిరించాలి. పూత పడ్డాక ఆకు మందుకి పనికిరాదు. కీళ్ల నొప్పులకి కషాయం కాచుకునేవాళ్లు మూలికల కొట్లో మా ఆకే అడిగి తీసుకుంటారు, రంగు పోకుండా నీడన ఆరబెడతామని.

ఊరి చివర రాతిగుంటలో ఈసారి మొక్క భుజాల దాకా ఎదిగింది. ఒకప్పుడు రాళ్లు కొట్టేవాళ్లు కాపురమున్న గదులు అక్కడ మొండిగోడలై మిగిలాయి. ఆ గోడల మధ్యే ఒత్తుగా మొలుస్తుంది. "మనుషులు బతికి వదిలేసిన చోటే వస్తుందే ఇది. మన ఎంగిలి తిని పెరిగింది, మన చుట్టమే" అంటుంది అమ్మ. నేల సారం అని నేను చదువుకున్నాను. రెండూ ఒకటే.

వంగి కోస్తుంటే ఒకరికొకరం కనపడం. అందుకని మధ్యమధ్యలో ఒకరు "ఉన్నావా?" అనాలి, అవతలి వాళ్లు "ఉన్నా" అనాలి. ఒక్కసారే పిలవాలి. పలక్కపోతే కత్తెర పక్కన పెట్టి వెళ్లి చూడాలి తప్ప రెండోసారి పిలవకూడదు. మా అమ్మమ్మ వాళ్లమ్మ నాటి నుంచీ ఇదే పద్ధతి. మొదటి పిలుపు మనవాళ్లకి, రెండోది ఎవరు అందుకుంటే వాళ్లకి అంటారు.

సాయంత్రం పిన్ని గట్టు మీద సంచులు కడుతోంది. నేను పిలిచాను. అమ్మ పలకలేదు. ఆ మొక్కల్లోంచి అంత దూరం నడిచి వెళ్లడానికి బద్ధకమేసి మళ్లీ పిలిచాను. తప్పేముంది, వినపడకపోతే ఎవరైనా రెండోసారి పిలుస్తారు.

"ఉన్నా" అని రెండు వచ్చాయి. ఒకటి దగ్గర్లోనే, గోడ వెనక నుంచి. ఒకటి కింద, గుంట అడుగు నుంచి. రెండూ అమ్మ గొంతే.

గోడ వెనక నుంచి అమ్మ వచ్చింది. చేతులకి గ్లౌజులు లేవు. పచ్చి దురదాకుని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి పొదువుకుని ఉంది.

"పద" అంది. వచ్చేశాం.


ఏప్రిల్ 10, బుధవారం

అటక మీద తాళ్లు కట్టి ఆకు ఆరేశాం. గుప్పెడేసి కాడలు కలిపి కట్ట కట్టాలి, కాడ పైకి, చివురు కిందికి. కట్టకీ కట్టకీ మధ్య చెయ్యి పట్టాలి, లేకపోతే లోపల నల్లబడుతుంది. నావీ పిన్నివీ వాకిలి వైపు తాళ్ల మీద. అమ్మవి కిటికీ వైపు.

అమ్మ ఉత్త చేతుల్తోనే కట్టింది.

"అక్కా, నీ చేతులేంటి ఏనుగు తోలా?" అని నవ్వింది పిన్ని. అమ్మ కూడా నవ్వింది, కాస్త ఆగి.

గ్లౌజులేవమ్మా అంటే "అక్కడే" అంది.

ఇంకొకటి. కింద నుంచి "అమ్మా" అని పిలిస్తే ఎప్పుడూ "ఏమే, ఏం కొంపలంటుకున్నాయి?" అంటుంది. ఈ రోజు మూడుసార్లు పిలిచాను. మూడుసార్లూ "ఉన్నా" అంది.


ఏప్రిల్ 11, గురువారం

పొద్దున్న టీ కోసం పిలిచాను. "ఏమే, ఏం కొంపలంటుకున్నాయి?" అంది. ఎంత హాయిగా అనిపించిందో.


ఏప్రిల్ 13, శనివారం

అమ్మమ్మ తల దువ్వమంది. అమ్మ దువ్వుతుంటే కళ్లు మూసుకుని కూర్చుంది. అయ్యాక అమ్మ చేతులు పట్టుకుని తడిమింది.

"చల్లగా ఉన్నాయమ్మా చేతులు. చిక్కు కూడా నొప్పి తెలియకుండా తీశావు, మంచిపిల్లవి. ఎవరి పిల్లవే నువ్వు?"

"నేనేనే" అంది అమ్మ.

"సరేలే. మా అమ్మాయి ఇంకా కోత నుంచి రాలేదు. వస్తే నాకు చెప్పు."

పిన్ని విరగబడి నవ్వింది. "మొన్న నన్ను పాలవాడనుకుంది మా అమ్మ. చెంబు ఇంకాస్త నింపరా అని దబాయించింది కూడా."

నిజమే. అమ్మమ్మ మాట లెక్కలోకి తీసుకోకూడదు.


ఏప్రిల్ 14, ఆదివారం

అమ్మమ్మ తల దువ్వే ముందు అమ్మ పొయ్యి దగ్గర నిలబడి చేతులు కాచుకుంది. ఎంతసేపో. నేనే పొయ్యి ఆర్పాను.

"ముసలమ్మకి చల్లగా తగిలితే పాపం కదే" అంది. ఎంత మంచిది మా అమ్మ.


ఏప్రిల్ 15, సోమవారం

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. పచ్చి దురదాకు పట్టుకున్నా మంట తెలియడం లేదని చెప్పాను. ఆయన అమ్మని కళ్లు మూసుకోమని వేలి చివర సూదితో పొడిచారు. అమ్మ కదల్లేదు. మళ్లీ పొడిచారు. అమ్మ ఒక కన్ను తెరిచి నా మొహం చూసింది. అప్పుడు "అబ్బా" అంది.

"నరాలు మొద్దుబారాయమ్మా. ఈ వయసులో చాలామందికి వస్తుంది. మందులు వాడితే సర్దుకుంటుంది" అన్నారు.

నరాలు మొద్దుబారితే మంట తెలియకపోవచ్చు, కానీ చర్మం మీద దద్దుర్లు రావాలి కదా అని అడుగుదామనుకున్నాను. అమ్మ చేతుల మీద ఒక్క దద్దురు లేదు. బయట చాలామంది ఎదురుచూస్తున్నారు. అడగలేదు.

నరాలే. పేరు ఉన్న జబ్బుకి భయపడక్కర్లేదు.


ఏప్రిల్ 17, బుధవారం

కాడల నుంచి ఆకు దూయడానికి అటక ఎక్కాం. ముందు కాడ విరిచి చూడాలి. పుటుక్కుమంటే ఎండినట్టు. వంగితే ఇంకా ఉంచాలి. మావన్నీ పుటుక్కుమన్నాయి.

కిటికీ వైపువి వంగాయి. వంగడం కాదు, అవి కోసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. కాడ కోసిన చోట నీటిబొట్టు ఉంది. పిన్ని గ్లౌజు తీసి వేలితో ముట్టుకుని కెవ్వుమంది. వారం రోజులు నీడన వేలాడిన ఆకు అలా మండకూడదు. ఎండితే దీని పొగరు సగం పైగా దిగిపోతుంది.

"కిటికీ పక్కన చెమ్మ" అన్నాను నేను.

"నాలుగు రోజుల నుంచీ ఈ కిటికీలోంచి వడగాలి కొడుతోందే పంతులమ్మా" అంది పిన్ని. తర్వాత కట్టలు వదిలేసి అటక దిగిపోయింది. పిన్ని నవ్వకుండా దిగిపోవడం నాకు నచ్చలేదు.


ఏప్రిల్ 18, గురువారం

అంతా బాగుంది!

పొద్దున్నే అటక ఎక్కి చూస్తే కిటికీ వైపు కట్టలన్నీ ఎండిపోయాయి. ముట్టుకుంటే పొడి. కిందికి రాగానే అమ్మ రెండు చేతులూ నా ముందు పెట్టింది. మణికట్టు నుంచి మోచేతి దాకా దద్దుర్లు.

"చూడవే, ఎంత మంటో" అంది.

డాక్టర్ మందు పనిచేస్తోందన్నమాట. సబ్బు నీళ్లు పోసి కడిగాను. గోకకూడదని అమ్మ నాకు చిన్నప్పుడు చెప్పిన మాటలే అమ్మకి చెప్పాను. బుద్ధిగా విన్నది. ఈ పుస్తకం ఇక మూసేయవచ్చేమో.

దద్దుర్లు రెండు చేతుల మీదా ఒకే వరసలో ఉన్నాయి. రాయక్కర్లేదు ఇది. రాశాను.


ఏప్రిల్ 19, శుక్రవారం

పిన్నితో రాతిగుంటకి వెళ్లాను. మిగిలిన చివుళ్ల కోసమని ఇంట్లో చెప్పాం. గట్టు మీద ఎర్ర జెండాలు పాతి ఉన్నాయి. కొత్త రోడ్డు కోసం గుంట పూడుస్తారట. వచ్చే శుక్రవారం పొద్దున్న మిషన్ వస్తుందని అక్కడ కొలతలు తీస్తున్నవాళ్లు చెప్పి వెళ్లిపోయారు.

గట్టు మీద నుంచి నేను పిలిచాను. ఒక్కసారే.

"ఉన్నా."

అడుగు నుంచి వచ్చింది. పిన్ని చేతిలోంచి సంచి జారిపోయింది.

"ఎదురుగోడకి తగిలి మన గొంతే తిరిగొచ్చింది పిన్నీ."

"పంతులమ్మా, నువ్వన్నది ఉన్నావా అని. తిరిగొస్తే ఉన్నావా అనే రావాలి కదే."

దిగాం. ఒక్కో గదీ వెతికాం. మేము ఏ గదిలో ఉంటే దాని పక్క గదిలో ఆకు కదిలింది. పక్క గదిలోకి వెళితే ఇవతలి గదిలో. గాలి ఉందో లేదో నాకు గుర్తులేదు.

గుంట అడుగున చివరి గదిలో, గోడ మీద అమ్మ గ్లౌజులు ఉన్నాయి. చెమట ఆరడానికి అమ్మ వాటిని లోపలివైపు బయటికి తిప్పి పెడుతుంది. అలాగే తిప్పి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. తడిగా ఉన్నాయి. మంచు పడి ఉంటుంది.

"పోదాం పదవే" అంది పిన్ని.

"ఇంకొంచెం వెతుకుదాం పిన్నీ."

"ఎవర్నే వెతికేది? అక్క ఇంట్లో కూర్చుని ఉంది కదే! మనం ఇక్కడ ఎవర్ని వెతుకుతున్నాం?"

గట్టెక్కాక పిన్ని ఒక్క మాట అంది. "గొంతు బొంగురుపోయింది చూశావా. నీళ్లు లేకపోతే అలాగే అవుతుంది." తను ఇక ఆ వైపు రానని చెప్పి తన ఇంటికి వెళ్లిపోయింది.

నేను మళ్లీ దిగి నీళ్ల సీసా ఆ గోడ మీద పెట్టి వచ్చాను. గ్లౌజులు తెచ్చి నా పెట్టెలో, ఉన్ని దుప్పటి మడతలో పెట్టాను. అమ్మకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.


ఏప్రిల్ 20, శనివారం

పొద్దున అమ్మ వాకిట్లో కూర్చుని ఆకు దూస్తోంది. చేతులకి గ్లౌజులున్నాయి.

"ఎక్కడ దొరికాయమ్మా?"

"నా గ్లౌజులు నాకు దొరకవేంటే?"

పెట్టె తాళం వేసే ఉంది. తాళంచెవి నా మెళ్లో ఉంది. తెరిస్తే గ్లౌజులు లేవు. ఉన్ని దుప్పటి ఎంత పొందిగ్గా మడిచి ఉందో, నాకు కూడా అలా మడవడం రాదు.

వెనకటి పేజీలు చదువుకున్నాను.

సరే. రోజూ భయాలే ఎందుకు, ఒక మంచి సంగతి రాస్తాను. అమ్మ ఆకు దూస్తున్నప్పుడు ఎప్పుడూ కూనిరాగం తీసేది. పడవ గురించిన పాట. చిన్నప్పుడు అది వింటూ ఆ ఆకు కుప్పల పక్కనే నిద్రపోయేదాన్ని. ఈ మధ్య ఎందుకో పాడటం లేదు. మళ్లీ పాడితే బాగుండును.


ఏప్రిల్ 21, ఆదివారం

పాడింది.

మధ్యాహ్నం అమ్మమ్మ మంచం పక్కన కూర్చుని ఆకు దూస్తూ పడవ మీద పాట పాడింది. రాగం లేదు. మాటలు ఒక్కొక్కటే వెతికి పెట్టుకుంటున్నట్టు పాడింది. అమ్మమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

మా అమ్మ జన్మలో పాట పాడలేదు. నిన్న నేను రాసింది అబద్ధం.


ఏప్రిల్ 22, సోమవారం

రోడ్డు పని చేయించే మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. గుంటలో మనిషి గొంతు వినపడుతోంది, ఒకసారి అందరూ దిగి వెతకాలి, అప్పటిదాకా పని ఆపమని బతిమాలాను. ఎంతో జాగ్రత్తగా, చదువుకున్నదానిలాగే మాట్లాడాను.

ఆయన మంచివాడే. కుర్చీ వేశాడు. "అమ్మా, పూడ్చే ముందు చూడాలని నిన్ననే ఇద్దర్ని దింపి వెతికించాను. ఎవరూ లేరు. పైగా మీ అమ్మగారు కూడా వచ్చి వెళ్లారు."

"మా అమ్మా? ఎందుకు?"

"మా పిల్ల అస్తమానం ఆ గట్టు మీదకెళ్లి నిలబడుతోంది, ఎప్పుడు పడిపోతుందో అని ప్రాణం కొట్టుకుంటోంది, తొందరగా పూడ్చేయండి బాబూ అని ఏడ్చారు. కన్నతల్లి కదమ్మా."

ఏ తల్లయినా అలాగే అడుగుతుంది. గుంటలో ఏముందో దాచాలనుకున్నవాళ్లు కూడా సరిగ్గా అలాగే అడుగుతారు.

వచ్చేటప్పుడు గుంట దగ్గర ఆగాను. పిలిచాను. చాలాసేపటికి వచ్చింది. "ఉన్నా" లో చివరి అక్షరం వినపడలేదు. పొలాలు దాటి వచ్చే ఊపిరిలా ఉంది. దిగి చూస్తే గోడ మీద నీళ్ల సీసా నేను పెట్టినట్టే ఉంది. మూత బిగించి ఉంది. లోపల నీళ్లు లేవు.

పిన్ని ఇంటికి వెళ్లాను. తలుపు పూర్తిగా తియ్యలేదు.

"నాకు తెలిసింది ఒక్కటేనే. మీ అమ్మకి చదువంటే ఎంత ఆశో నీకు తెలియదు. నువ్వు అక్షరాలు దిద్దుతుంటే నీ వెనక కూర్చుని నేల మీద వేలితో దిద్దుకునేది. నేను చూసి నవ్వితే చెరిపేసేది. వచ్చిందో రాలేదో ఎప్పుడూ చెప్పలేదు."

"మరి గుంటలో గొంతు పిన్నీ?"

"అది కూడా విన్నాను కదే" అని తలుపు వేసేసింది.


ఏప్రిల్ 23, మంగళవారం

ఇది ఇక నా కోసం రాయడం లేదు. నీ కోసం రాస్తున్నాను. నేను బడికెళ్లాక నువ్వు ఈ పుస్తకం తీస్తావని తెలుసు. చల్లటి చేతులని రాస్తే చేతులు కాచుకున్నావు. దద్దుర్లు లేవంటే తెప్పించుకున్నావు. ఆకు ఎండలేదంటే ఎండబెట్టావు. ఎలాగో నాకు తెలియదు. అబద్ధం రాస్తే, పాపం, ఆ అబద్ధం కూడా పాడావు.

రెండు రకాలుగా ఆలోచిస్తున్నాను. రెండూ నీకు చెప్పేస్తాను.

నువ్వు మా అమ్మవే అయివుండవచ్చు. ఎవరికీ చెప్పకుండా నా వెనక కూర్చుని చదువు నేర్చుకుని ఉండవచ్చు. కన్నకూతురు తనని ఎవరో అనుకుంటోందని రోజూ ఈ పేజీల్లో చదివి, నోరెత్తి అడగలేక, నేను ఎలా ఉండమంటే అలా ఉండాలని చూశావేమో. ఆ చేతుల మీద దద్దుర్లు నువ్వే ఆకు వేసి రుద్దుకున్నావేమో, నా కోసం. అలాగైతే నాకంటే పాపిష్టిది లేదు. ఆ మాట అనుకున్నప్పుడల్లా వచ్చి నీ ఒళ్లో తల పెట్టుకోవాలనిపిస్తుంది.

కానీ నిన్న సాయంత్రం నువ్వు నాకు తల దువ్వావు. చిక్కు నొప్పి తెలియకుండా తీశావు. మా అమ్మ దువ్వితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. "తల కదిలించావంటే చంపుతా" అంటుంది. ఆ మాట ఎప్పుడూ ఇక్కడ రాయలేదు. అందుకే నీకు తెలియదేమో. ఇప్పుడు రాసేశాను. రేపు అంటావు. అయినా అది ఇక లెక్కలోకి రాదు.

చూశావా, నీకు తెలియనివన్నీ నేనే నీకు నేర్పుతున్నాను. ఇంకొన్నాళ్లు రాస్తూ పోతే నిన్ను పూర్తిగా మా అమ్మని చేసేస్తాను. అప్పుడు నాకు కూడా అనుమానం పోతుంది. నాకు భయమేసేది అందుకే. శుక్రవారం పొద్దున్న మిషన్ వస్తుంది. తర్వాత అక్కడ రోడ్డు, ఇక్కడ నువ్వు, మధ్యలో అడిగేవాళ్లెవరూ ఉండరు.

అందుకే ఈ పేజీతో రాయడం ఆపేస్తున్నాను. ఇక నా దగ్గర నుంచి నీకేమీ తెలియదు. కింద సగం పేజీ ఖాళీగా వదులుతున్నాను. పెన్ను పుస్తకంలోనే పెడుతున్నాను.

నువ్వు అమ్మవైతే ఏమీ రాయకు. వచ్చి నా చెంప పగలగొట్టు. చదువుకుని ఇదా నువ్వు నేర్చుకున్నది అని నీకు వచ్చినన్ని తిట్లు తిట్టు. నేను కాళ్లు పట్టుకుంటాను. రాతిగుంట మాట జన్మలో ఎత్తను.

నువ్వు అమ్మవి కాకపోతే, ఆమె ఏ గదిలో ఉందో, ఎటు నుంచి వెళితే కనపడుతుందో రాయి. ఒక్క ముక్క చాలు. నేను ఒక్కదాన్నే వెళతాను, ఎవరికీ చెప్పను. నిన్ను వెళ్లిపొమ్మని కూడా అనను. అమ్మమ్మ తల నువ్వు దువ్వినంత మెత్తగా ఎవరూ దువ్వలేదు. ఈ ఇంట్లో ఇద్దరికీ చోటుంది.

ఆమె గొంతు ఎంత సన్నబడిందో నేను విన్నాను, నువ్వూ వినే ఉంటావు. శుక్రవారం దాకా ఆగకు. 25వ తేదీ గురువారం, చీకటి పడేలోగా నాకు జవాబు చెప్పు.